కథ రాశాను... ఎవరికి వినిపించను?

పిల్లల కోసం రాయాలనుకునేవాళ్లు అడిగిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు. జవాబులిస్తున్నది పార్వతీపురం ప్రాంతంలో ముప్పై ఒక్క ఏళ్లు ప్రాథమిక పాఠశాల టీచరుగా పనిచేసి, ఇప్పటికీ పిల్లల కథలు రాస్తున్న రచయిత్రి.

నేను బి.ఇడి. చదువుతున్నాను. మా నాయనమ్మ చెప్పిన కథలు, నేను అల్లుకున్నవి కలిపి ఒక నోటు పుస్తకం నిండాయి. మా ఇంట్లో రాసేవాళ్లెవరూ లేరు. మీ ఊళ్లో రచయితలు నెలనెలా కలుసుకుంటారని విన్నాను. నాలాంటి కొత్తవాళ్లని రానిస్తారా? చదివితే నవ్వుతారేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు, సాలూరు

రానివ్వడమేమిటి తల్లీ, నీలాంటివాళ్లు రావాలనే కదా మేం కూర్చునేది! సభ్యత్వం, రుసుము లాంటివేమీ లేవు. నెలకో ఆదివారం, పొద్దున పదింటికి గ్రంథాలయంలో కలుస్తాం. ఎనిమిది మంది వచ్చిన రోజులున్నాయి, ముగ్గురమే కూర్చున్న రోజులూ ఉన్నాయి. నువ్వు చెయ్యాల్సిందల్లా ఒక్క కథ తీసి పది జిరాక్సులు తెచ్చుకోవడం. నోటు పుస్తకం మొత్తం తేకు, ఒక్కటే తే.

చదివే ముందు కథ గురించి ఏమీ చెప్పకూడదు, అదొక్కటే మా నియమం. "ఇది నేనెందుకు రాశానంటే..." అని మొదలుపెడితే పెద్దవాళ్లు చెయ్యెత్తి ఆపేస్తారు. పుస్తకంలో చదివే పిల్లాడి పక్కన నువ్వుండవు కదా, అందుకు. నువ్వు చదువుతావు, మిగతావాళ్లు జిరాక్సు మీద పెన్సిలుతో గీతలు పెట్టుకుంటారు. అయ్యాక ఒక్కొక్కరు ఎక్కడ ఆగిపోయారో, ఎక్కడ బాగుందో చెబుతారు. చివర్లో ఆ పది కాగితాలూ నీకే ఇచ్చేస్తారు. ఇంటికెళ్లి వాటిని పక్కపక్కన పెట్టుకుని చూడు. ఏడుగురు ఒకే వాక్యం కింద గీత పెట్టారంటే ఆ వాక్యాన్ని ఇక వదలడానికి లేదు.

నా సంగతి చెబుతాను. మొదటిసారి వెళ్లినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. కురుపాం వైపు ఒక బళ్లో పనిచేసేదాన్ని. మూడు పేజీల కథ పట్టుకెళ్లాను. తన వస్తువులు ఎవరికీ ఇవ్వని పాప ఒకతి చివరికి మారిపోతుంది, అదీ కథ. నేను చదువుతున్నంతసేపూ బృందంలో పెద్దాయన, రిటైర్డు తెలుగు పండితులు, కళ్లు మూసుకుని విన్నారు. నిద్రపోయారనే అనుకున్నాను. చదవడం అయ్యాక కళ్లు తెరిచి మూడు ప్రశ్నలు వేశారు. "ఆ పిల్లదే ఊరమ్మా? పొద్దున్నే ఏం తింటుంది? కాళ్లకి చెప్పులున్నాయా?" ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఆయన కోప్పడలేదు. "రేపు దీన్ని మీ మూడో తరగతికి చదివి వినిపించు. చదువుతూ ఉండగా ఏ పిల్లాడైనా పక్కవాణ్ని గిల్లితే, ఆ లైను దగ్గర చుక్క పెట్టుకో" అన్నారు.

మర్నాడు అలాగే చేశాను. పదకొండు చుక్కలు పడ్డాయి. మొదటిది ఏడో లైనులోనే, నేను ఎంతో ఇష్టంగా రాసుకున్న సూర్యోదయం దగ్గర. మధ్యలో ఒకచోట మాత్రం క్లాసు మొత్తం కదలకుండా విన్నది. ఆ పాప గెడ్డ దాటుతుంటే ఒక కాలి చెప్పు నీళ్లలో కొట్టుకుపోతుంది, పక్కింటి పిల్ల తన చెప్పు ఒకటి విప్పి ఇస్తుంది. ఇద్దరూ చెరో చెప్పుతో ఇంటికి నడుస్తారు. నేను ఆ ముక్కని రెండు వాక్యాల్లో దాటేశాను. "టీచరమ్మా, రాయి గుచ్చుకోలేదా? ఏ కాలికి ఏసుకుంది?" అని ఒక పిల్ల అడిగింది. ఆ రాత్రి లాంతరు ముందు కూర్చుని సూర్యోదయం, చివరి ఉపదేశం రెండూ తీసేసి, కథని చెప్పు దగ్గర మొదలుపెట్టాను. ఒకటిన్నర పేజీకి వచ్చింది. నా పేరుతో అచ్చయిన మొదటి కథ అదే. మనియార్డరు తెచ్చిన పోస్టుమేన్‌కి మా అత్తగారు మజ్జిగ ఇచ్చారు, అదిప్పటికీ గుర్తే.

బృందం వల్ల నాకు దొరికింది అదే, వినేవాళ్లు. రాసేది ఒక్కళ్లమే కూర్చుని రాయాలి, అది తప్పదు. కానీ అచ్చుకి వెళ్లే ముందు ఆ కథ నాలుగు చెవుల్లో పడాలి. ఆ నాలుగింటిలో రెండైనా పదేళ్లలోపు పిల్లలవి అయ్యుండాలి.

నవ్వుతారేమోనని కదా నీ భయం? మా ఊళ్లో బాలసాహిత్యం అంటే చిన్నచూపు లేదమ్మా. కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం 2018లో నారంశెట్టి ఉమామహేశ్వరరావు గారికి, 2019లో బెలగాం భీమేశ్వరరావు గారికి వచ్చింది. ఇద్దరూ పార్వతీపురం వాళ్లే. అలాంటి ఊళ్లో పిల్లల కథ పట్టుకొచ్చినవాళ్లని చూసి నవ్వేవాళ్లు ఉండరు. నాయనమ్మ కథ తీసుకుని మేం కలిసే ఆదివారం బయల్దేరు.

బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. రెండేళ్లలో పద్నాలుగు కథలు పంపాను. ఒక్కటీ అచ్చవలేదు, జవాబు కూడా రాలేదు. ప్రతి కథలోనూ మంచి నీతి ఉంది. ఈ కాలం పిల్లలకు నీతి అక్కర్లేదంటారా? ఒక కథ జతచేశాను, చూడగలరు. – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

నమస్కారమండీ. కథ చదివాను. రెండుసార్లు చదివాను. ఎందుకంటే మీ చేతిలో కథ ఉంది. బంతి తగిలి ముసలమ్మ నీళ్ల కుండ పగులుతుంది. నేను కాదంటాడు కుర్రాడు. రాత్రి నిద్రపట్టదు. తెల్లారేసరికి వాళ్లింట్లోంచి చెంబుతో నీళ్లు తీసుకెళ్లి ముసలమ్మ గుమ్మంలో పెట్టి, ఒకసారి కాదు, ఎనిమిదిసార్లు తిరుగుతాడు. కుండలో ఎన్ని నీళ్లు పట్టేవో వాడు లెక్కేసుకున్నాడు! ఆ లెక్క చదివి నాకు ఒళ్లు పులకరించింది. కథ అక్కడే అయిపోయిందండీ. ఆ తర్వాత మీరు "కాబట్టి పిల్లలూ, ఎప్పుడూ అబద్ధమాడరాదు" అంటూ ఆరు లైన్లు రాశారు. ఎనిమిది చెంబుల నీళ్లు మోసినవాడికి ఆ ఆరు లైన్లు ఎందుకు చెప్పండి? చదివే పిల్లలూ ఆ చెంబు వాడితోపాటు మోసే ఉంటారు. నీతి అక్కర్లేదని నేననను. మీ కథలో నీతి ఉంది, అది చెంబులో ఉంది. ఆ లైన్లు కొట్టేసి మళ్లీ పంపండి.

ఇంకో సంగతి. ఒకే కథని మూడు పత్రికలకు ఒకేసారి పంపుతున్నట్టు మీ ఉత్తరంలో ఉంది. దయచేసి ఆ పని చెయ్యకండి. "ఇది నా సొంత రచన, దేనికీ అనువాదం, అనుకరణ కాదు, ఎక్కడా అచ్చవలేదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు" అని హామీపత్రం జతచెయ్యడం మన పత్రికల్లో ఉన్న పద్ధతి. ఆ కాగితం మీద సంతకం పెట్టి మూడుచోట్లకి పంపితే, రెండుచోట్ల ఒకే వారం అచ్చయిందనుకోండి, ఆ ఇద్దరు సంపాదకులూ మీ పేరు గుర్తుపెట్టుకుంటారు. మా బృందంలో ఒకాయనకి సరిగ్గా ఇదే జరిగింది. పాపం, తెలియక చేశారు. మళ్లీ ఆయన కథ అచ్చులో రావడానికి చాలా కాలం పట్టింది. అప్పట్నుంచి కొత్తవాళ్లకి ముందు హామీపత్రం రాయడమే నేర్పిస్తున్నాం. ఏ పత్రిక ఎంత నిడివి అడుగుతోంది, చేతిరాత తీసుకుంటారా, యూనికోడ్‌లో టైపు చేసి మెయిల్ చెయ్యాలా అన్నవి ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకుంటాం. చిరునామా మారితే తెలిసినవాళ్లు వచ్చి దిద్దుతారు. మీ ఊళ్లోనూ రాసేవాళ్లకి కొదవలేదు. నలుగురు కలిస్తే అలాంటి పుస్తకం ఒకటి తయారవుతుంది.

నిడివి సంగతి కూడా చూసుకోండి. దినపత్రికల పిల్లల పేజీలో చోటు చాలా తక్కువ. మీ కథ చేతిరాతలో ఏడు పేజీలుంది. ముసలమ్మ పూర్వ చరిత్ర మొత్తం తీసెయ్యొచ్చు. వాక్యం ఎలా ఉండాలో తెలుసుకోవాలంటే పాత చందమామ బైండు ఒకటి సంపాదించి పైకి చదవండి. 1947 జులైలో మొదలైన పత్రిక అది. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో పోయేదాకా దాని సంపాదకత్వం చూశారు. పెద్దలకి అంత బలమైన కథలు రాసిన మనిషి అక్కడ "అనగనగా" అన్నంత తేలికైన మాటల్లో కథ నడిపించారు. ఏ వాక్యమూ ఊపిరి అందనంత పొడుగుండదు. మా గ్రంథాలయంలో ఉన్న రెండు బైండ్లు కొత్తవాళ్ల చేతుల్లో తిరిగి తిరిగి అట్టలు ఊడిపోయాయి. ఒకసారి నేనే మైదా ఉడకబెట్టి అతికించాను.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. చక్కగా కథలు రాస్తుంది. పుట్టినరోజుకి నలభై కథలతో పుస్తకం వేయించి ఆవిష్కరణ పెట్టాలనుకుంటున్నాం. ఎంతవుతుంది? ఎవరిని పిలవాలి? – ఒక తండ్రి, కాకినాడ

బాబూ, కూతురి రాతని ఇంత ప్రేమగా చూసే తండ్రి ఉండటం ఆ పిల్ల అదృష్టం. అందుకే కాస్త చనువు తీసుకుని చెబుతున్నాను. ఈ పుట్టినరోజుకి వద్దు.

పిల్లల రాతకి తెలుగులో మంచి దారే వేసి ఉంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గార్లు, అందరికీ తెలిసిన రేడియో అన్నయ్య, అక్కయ్య, రేడియోలో పిల్లలచేతే ఆడించి, పాడించి, కథలు చెప్పించారు. 1945లో 'బాల' పత్రిక పెట్టారు. ముళ్లపూడి వెంకటరమణ గారు, బాపు గారు చిన్నతనంలోనే అందులో రాతా గీతా మొదలుపెట్టారు. గమనించండి, వాళ్లకి ముందు దొరికింది పుస్తకం కాదు, ఒక పేజీలో కాస్త చోటు. పక్కన ఇంకో పిల్లాడి కథ, ఇంకో పిల్ల బొమ్మ. తన తోటివాళ్లు ఏం రాస్తున్నారో చూసుకుంటూ ఎదగడం వేరు, నలభై కథలతో ఒక్కసారిగా వేదికెక్కడం వేరు. అనంతపురం వైపు నుంచి 2008లో మొదలైన 'కొత్తపల్లి' పిల్లల పత్రిక కూడా బడి పిల్లల కథల్ని వాళ్ల మాటల్లోనే వేసింది. అలాంటి చోట్లకి మీ అమ్మాయి కథలు ఒకటీ రెండూ పంపించండి. తిరిగొస్తే మళ్లీ రాస్తుంది. తిరిగిరావడం కూడా ఆ వయసులోనే అలవాటైతే మంచిది.

మా దగ్గర సెలవుల్లో రెండు రోజుల కార్యశాల పెడతాం. పాతికమంది పిల్లలు, నలుగురు రచయితలు. మొదటి రోజు ఎవరూ కలం పట్టకూడదు. సంతకి తీసుకెళ్లి తిప్పుతాం. చింతపండు అమ్మే మామ్మ, తూకం వేసే కాటా, కోడిపుంజుని చంకలో పెట్టుకుని బేరమాడే మనిషి, ఇలా ఏదో ఒకటి చూసి వచ్చి పక్కవాడికి చెప్పాలి. రెండో రోజు రాయాలి. క్రితంసారి ఒక అబ్బాయి కోడిపుంజు వైపు నుంచి సంత మొత్తం రాశాడు. నాకు ఆ ఊహ ఎప్పుడూ రాలేదు. అలాంటి కథలు పదిహేను పోగు చేసి, పిల్లలందరి పేర్లతో ఒక చిన్న పుస్తకం వేశాం. ఖర్చుకి మా బృందంలో ప్రతి ఒక్కరం ముందే ఐదేసి కాపీలు కొనుక్కున్నాం. వేదిక మీద పెద్దల ప్రసంగాలు పెట్టలేదు. పిల్లలు తమ కథలు తామే చదివారు. వాళ్ల అమ్మానాన్నలు కింద కూర్చుని విన్నారు.

మీరు ఎప్పటికైనా పుస్తకం వెయ్యాలనుకుంటే రెండు మాటలు. పేజీల సంఖ్య పదహారు గుణిజంలో ఉండేలా చూసుకోండి, అచ్చువాళ్లు పదహారు పేజీల ఫారాల లెక్కన వేస్తారు కాబట్టి కాగితం వృథా పోదు. ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య) ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. అది రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. ప్రూఫులు మాత్రం అమ్మాయిచేతే దిద్దించండి.

గిరిజన ప్రాంతంలో టీచరుని. మా పిల్లలు ఇంట్లో సవర మాట్లాడతారు. వాళ్ల కథలు రాయాలని ఉంది. తెలుగులో రాస్తే వాళ్లవి కాకుండా పోతాయేమో, సవరలో రాస్తే ఎవరు వేస్తారు? – ఒక ఉపాధ్యాయుడు, సీతంపేట

మాస్టారూ, మీ ఉత్తరం నన్ను రెండు రోజులు వదల్లేదు. నేనూ అలాంటి బళ్లలోనే పనిచేశాను.

మీకంటే ముందు ఈ దారిన నడిచిన మాస్టారు ఒకరున్నారు. గిడుగు వెంకట రామమూర్తి గారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాచకాలు, కథలు, పాటలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టారు. ప్రభుత్వం 1913లో రావు సాహెబ్ బిరుదు ఇచ్చింది. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ రోజు సభల్లో వ్యావహారిక భాష గురించే మాట్లాడతారు, సవర పిల్లల కోసం ఆయన పడ్డ పాటు గురించి తక్కువ వింటాం. నాకది బాధగా ఉంటుంది.

ఈ మధ్య కాలంలో ప్రభుత్వమూ సవర, కువి వంటి గిరిజన భాషల్లో చిన్న తరగతుల వాచకాలు తెచ్చింది. కాబట్టి సవరలో పిల్లల పుస్తకం అనేది కొత్త మాట కాదు. నా సలహా ఏమిటంటే, కథ ముందు సవరలోనే రాసుకోండి. చెప్పిన అవ్వ పేరు, ఊరు రాసుకోండి. అచ్చులో ఆ పేరు వెయ్యడానికి అవ్వ ఒప్పుకోవాలి, అది అడగండి. తెలుగు లిపిలో సవర, పక్క పేజీలో తెలుగు, మధ్యలో పిల్లలు గీసిన బొమ్మలు, అలా పదహారు పేజీలు చాలు. పెద్ద ప్రచురణకర్త కోసం ఆగకండి. తెలుగు భాగం మాకు పంపితే మేం దిద్దిపెడతాం. సవర భాగం దిద్దాల్సింది మాత్రం మీ ఊరి పెద్దలు. మేం దాని జోలికి రాకూడదు, వస్తే ఆపండి.

తెలుగులో రాసేటప్పుడు ఒక జాగ్రత్త. కొండ మీది పిల్లాణ్ని ఎప్పుడూ "అమాయకుడు" అని రాయకండి. మా బృందంలో ఒకసారి అలాంటి కథ చదివితే, కొండ ఊరి నుంచి వచ్చిన డిగ్రీ విద్యార్థి ఒకడు లేచి, "మా తమ్ముడు అమాయకుడు కాదండీ, నలభై రకాల దుంపలు గుర్తుపడతాడు" అన్నాడు. ఆ రచయిత్రి అక్కడికక్కడే ఆ మాట కొట్టేసి, దుంపల గురించి అడిగి రాసుకుంది. కథ రెండింతలు బాగుపడింది.

నాకు బొమ్మలు రావు. పిల్లల కథకి నేనే బొమ్మలు వేయించి పంపాలా? – విజయనగరం

అక్కర్లేదు. పత్రికలు తమ చిత్రకారులచేత వేయించుకుంటాయి. మీరు రాసింది చదివితే బొమ్మ కళ్లముందు కనబడాలి, అంతే.

నా కథ ఎవరైనా దొంగిలిస్తారేమో. రిజిస్టరు చేయించాలా? – గుంటూరు

1957 కాపీరైటు చట్టం ప్రకారం మీరు రాసిన క్షణమే హక్కు మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ జీవితకాలం, ఆపైన అరవై ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. రాసిన తేదీతో ఒక నకలు దాచుకోండి, మెయిల్ చేస్తే అదీ ఉంచుకోండి. జానపద కథ మాత్రం అందరిదీ. దాన్ని మీరు చెప్పిన తీరు, మీ వాక్యాలు మీవి. ఒకటి గట్టిగా చెబుతాను, ఈ భయంతో కథని ఎవరికీ వినిపించకుండా దాచుకోకండి.

మేం డాలస్‌లో ఉంటాం. మా పిల్లలు తెలుగు కూడబలుక్కుని చదువుతారు. వాళ్లకి సరిపడే పుస్తకాలు తక్కువ, నేనే రాద్దామనుకుంటున్నాను. – ఒక తల్లి

రాయండమ్మా, తప్పకుండా. అక్కడి తెలుగువాళ్ల సంఘం తానా వాళ్లు, ఇక్కడి 'మంచి పుస్తకం' ప్రచురణ సంస్థ వాళ్లు కలిసి పిల్లల బొమ్మల పుస్తకాలకి పోటీలు పెట్టి, ఎంపికైనవి అచ్చువేశారు. ముందు ఆ పుస్తకాలు తెప్పించి చూడండి, పేజీకి ఎన్ని మాటలు పెట్టారో లెక్కపెట్టండి. కథ మాత్రం మీ డాలస్ ఇంట్లోదే రాయండి. మీరు వదిలొచ్చిన ఊరి చెరువు మీకు జ్ఞాపకం, వాళ్లకి కాదు. ఇంట్లో ఆవకాయ జాడీ దించుకోవడం వాళ్లకి తెలుసు. "ఒత్తులున్న మాటలు పిల్లలకి కష్టం" అని పూర్తిగా తీసెయ్యకండి. ఒక పేజీలో ఒకటి వస్తే, ఆ మాట మళ్లీ రెండు పేజీల తర్వాత కనబడేలా చూడండి, అదే వచ్చేస్తుంది.

శ్రీకాకుళం కథానిలయంలో పాత కథలు చూసుకోవచ్చా? – పాలకొండ

చూసుకోవచ్చు. కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన అవార్డుల డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టిన తెలుగు కథల గ్రంథాలయం అది. తెలుగు కథ కోసం వెతికేవాళ్లు ముందు వెళ్లేది అక్కడికే. కొత్తగా రాసేవాళ్లని మేమూ ఏడాదికోసారి బస్సులో తీసుకెళుతుంటాం. ఒక పూట చాలదు, పొద్దున్నే బయల్దేరండి. పెన్సిలు, నోటు పుస్తకం పట్టుకెళ్లండి.

మీ సమావేశానికి మా ఏడేళ్ల బాబుని వెంట తేవచ్చా? ఇంట్లో చూసేవాళ్లు లేరు. అల్లరి చేస్తాడేమో. – బొబ్బిలి

తీసుకురండి. క్రితం నెల ఒక చిన్నవాడు వచ్చాడు, వాళ్లమ్మ పక్కన బల్ల కింద కూర్చున్నాడు. నేను నా కొత్త కథ చదువుతున్నాను. వానలో తప్పిపోయిన మేకపిల్ల మర్నాడు ఇల్లు చేరుతుంది. పెద్దవాళ్లంతా బాగుందన్నారు. బల్ల కిందనుంచి "రాత్రి ఎక్కడ పడుకుంది?" అని వినబడింది. నేను రాయలేదు. ఆ రాత్రి ఎక్కడుందో నాకే తెలియదు. ఈ నెల ఆ ముక్క రాసుకుని వస్తున్నాను. ఆ అబ్బాయి కూడా వస్తానన్నాడట. మీ వాణ్ని పక్కన కూర్చోబెడదాం.